ఫ్లాటులో హామ్ రేడియో: తీగ ఎక్కడ కట్టాలి?

హామ్ రేడియో లైసెన్సు ఇచ్చేది ఢిల్లీ. యాంటెన్నాకు చోటు ఇవ్వాల్సింది అపార్టుమెంటు సంఘం. తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో ఈ అభిరుచి ఉన్నవాళ్లకు మొదటిదానికంటే రెండోదే కష్టం. పరీక్షకు చదవొచ్చు, ఓపిగ్గా ఎదురుచూసి కాల్‌సైన్ తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత కొర్లగుంటలోనో, ఎయిర్ బైపాస్ రోడ్డులోనో, చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనో మూడో అంతస్తు ఫ్లాటులో రిగ్గును, అంటే రేడియో సెట్టును, బల్ల మీద పెట్టుకున్నాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఇరవై మీటర్ల తీగ ఎక్కడ కట్టాలి? ఎవరి కంటా పడకుండా, ఎవరితోనూ మాట పడకుండా ఎలా కట్టాలి?

పుస్తకాల్లో దొరికే జవాబులు చాలావరకు అమెరికా ఇళ్లకు రాసినవి. అక్కడ కప్పు చెక్కది, దాని కింద అటక ఖాళీగా ఉంటుంది, అందులో డైపోల్ కట్టుకోమంటారు. మన అటక మీద ఉండేది సిమెంటు స్లాబు, అందులో జానెడు దూరానికొక ఇనుప కమ్మీ. షార్ట్‌వేవ్ తరంగాలు దాన్ని దాటి బయటికి పోవడం కష్టం. కిటికీలకు ఇనుప గ్రిల్లు, బాల్కనీకి మళ్లీ గ్రిల్లు. అలిపిరి, కపిలతీర్థం వైపు వీధుల్లోనైతే కోతుల బెడద వల్ల ఆ గ్రిల్లు లేని బాల్కనీయే అరుదు. కాబట్టి ఇంటి లోపలి యాంటెన్నా అన్న ఆలోచన మన దగ్గర మొదటే పక్కన పెట్టేయొచ్చు. అది పంపేది తక్కువ, ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల గోల వినేది ఎక్కువ.

అయితే మనకు ఒక సౌకర్యం ఉంది. ఏ మిద్దె ఎక్కి చూసినా కేబుల్ టీవీ తీగలు, ఇంటర్నెట్ ఫైబరు, డిష్‌లు, దండేలు, నీళ్ల గొట్టాలు. ఆ చిక్కులో ఇంకొక సన్నటి తీగ ఎవరికీ కనబడదు. మన ఊళ్లలో యాంటెన్నాను దాచడం పెద్ద విద్యేమీ కాదు. నా అభిప్రాయం మొదటే చెప్తాను. యాంటెన్నా కంటికి ఆనకపోవడం మంచిదే. ఇరుగుపొరుగుకు దాని సంగతే తెలియకపోవడం మాత్రం మంచిది కాదు. ఈ రెండిటి మధ్య తేడా పట్టించుకోకుండా కట్టిన తీగలు ఎంత బాగా పనిచేసినా ఎక్కువకాలం నిలవవు.

మిద్దె ఎవరిది?

లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు. జనరల్ గ్రేడుకు వీయూ2తో, రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. ఈ కాగితం మనకు గాలిలోకి సంకేతం పంపే హక్కు ఇస్తుంది. ఫలానా మిద్దె మీద కడ్డీ పాతే హక్కు ఇవ్వదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ప్రకారం కప్పు, మెట్లు, నడవలు ఉమ్మడి వసతులు. 2016 నాటి రెరా చట్టం కూడా ఉమ్మడి స్థలాల జాబితాలో మిద్దెను పేరు పెట్టి చెప్పింది. పై అంతస్తు ఫ్లాటు కొన్నవాళ్లు మిద్దె తమదేనన్నట్టు వాడుకోవడం మామూలే కానీ, కాగితం మీద అది అందరిదీ. అంటే అక్కడ ఏది కట్టినా అందరి ఒప్పుదల కావాలి. హామ్ యాంటెన్నాకు ఒప్పుకుని తీరాలని సంఘాన్ని బలవంతపెట్టే నియమం మన దగ్గర లేదు.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1985లోనే హామ్‌ల పక్షాన ఒక ఉత్తర్వు ఇచ్చింది. అది నగరపాలక సంస్థలకు వర్తిస్తుంది, ఇంటి యజమానుల సంఘాలకు వర్తించదు. 1996లో వచ్చిన ఇంకో నియమం టీవీ డిష్‌లకు రక్షణ ఇచ్చింది, హామ్ యాంటెన్నాలను వదిలేసింది. డల్లాస్ శివార్లలో సంఘం నిబంధనలున్న కాలనీలో ఇల్లు కొన్న తెలుగు ఇంజనీరు పరిస్థితీ, తిరుపతిలో ఫ్లాటు కొన్న ఆయన తమ్ముడి పరిస్థితీ ఒకటే. తేడా ఏమిటంటే, అక్కడ ఇల్లు కొనేటప్పుడే సంతకం పెట్టించుకున్న షరతు మారడం చాలా కష్టం. ఇక్కడ నెలవారీ మీటింగులో నలుగురితో మాట్లాడి ఒప్పించే వీలుంది. ఆ వీలును వాడుకోకుండా రాత్రిపూట గుట్టుగా తీగ కట్టడం నాకు తెలివైన పనిగా తోచదు.

ఎవరితో మాట్లాడాలి?

ఏ యాంటెన్నా అని అడిగే ముందు ఎవరితో మాట్లాడాలో తేల్చుకోవాలి. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే ఖరీదైన యాంటెన్నా కొనేసి, తర్వాత దానికి చోటు వెతుకుతారు.

చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, విజయవాడ హామ్‌లతో కబుర్లే కావాలంటే 7 మెగాహెర్ట్జ్ బ్యాండు చాలు. ఇక్కడ ప్రకృతి మన పక్షాన ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1,024 యాగీ యాంటెన్నాలను వరసకు 32 చొప్పున నేల మీద పరిచి, 53 మెగాహెర్ట్జ్ దగ్గర 1990ల తొలినాళ్ల నుంచి మన నెత్తి మీది ఆకాశాన్ని చదువుతోంది. శాస్త్రవేత్తలకు ఈ ప్రాంతం మీద ఆసక్తికి ఒక కారణం అయస్కాంత భూమధ్యరేఖ మనకు దగ్గరగా ఉండటం. మన మీది అయనోస్ఫియర్‌లో పగటిపూట ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కువ. 7 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని నిట్టనిలువుగా పైకి పంపినా అది చాలా రోజుల్లో తిరిగి కిందికి వస్తుంది, నాలుగైదు వందల కిలోమీటర్ల మేర చుట్టూ పరుచుకుంటుంది.

ఫ్లాటులో ఉండేవాళ్లకు దీని అర్థం పెద్దది. నేలకు దగ్గరగా కట్టిన అడ్డతీగ తన శక్తిని ఎక్కువగా పైకే పంపుతుంది. దూరదేశాలు కోరుకునేవాళ్లకు అది లోపం, హైదరాబాదు కోరుకునేవాళ్లకు అదే కావాలి. మిద్దెకు మూడు మీటర్ల ఎత్తున ఎవరి కంటా పడకుండా సాగిన తీగ ఈ పనిలో ఎత్తైన టవరుకు పెద్దగా తీసిపోదు. మిట్టమధ్యాహ్నం అయనోస్ఫియర్ కింది పొర సంకేతాన్ని మింగేస్తుంది కాబట్టి ఉదయం, సాయంత్రం మేలు. పొద్దుగూకాక ఒక్కోరోజు గొంతులు వణికినట్టు వినిపిస్తాయి. భూమధ్యరేఖ ప్రాంతపు అయనోస్ఫియర్ రాత్రిపూట చెదిరిపోవడం వల్ల వచ్చే తంటా అది. గాదంకిలో ఎంతో కాలంగా పరిశోధిస్తున్న విషయాల్లో ఇదొకటి. దానికి మన తీగను తప్పుపట్టి మార్చుకోనక్కర్లేదు.

దూరదేశాలే కావాలంటే 28 మెగాహెర్ట్జ్ చూడాలి. అక్కడ అర్ధతరంగ డైపోల్ పొడవు ఐదు మీటర్లే. రెండు పడకగదుల ఫ్లాటు ముందు గోడ వెంబడి సన్‌షేడ్ అంచున పట్టేస్తుంది. సూర్యుడి మచ్చల ఇరవై ఐదో చక్రం 2024లో శిఖరానికి చేరింది. అది పూర్తిగా చల్లబడేలోపు ఉన్న ఏళ్లను ఫ్లాటు హామ్‌లు 28 మెగాహెర్ట్జ్ మీద వాడుకోవాలి. చక్రం అడుగుకు వెళ్లాక ఈ బ్యాండు రోజుల తరబడి మూగబోతుంది, అప్పుడు ఐదు మీటర్ల తీగతో గడవదు.

నైరుతి నుంచి ఈశాన్యానికి

మిద్దె మీదికి అనుమతి దొరికితే నా ఓటు ఎండ్‌ఫెడ్ తీగకే. పేరుకు తగ్గట్టు దీనికి సంకేతం ఒక చివర నుంచి ఇస్తారు, నడిమధ్య నుంచి కేబుల్ వేలాడదు. ఇరవై మీటర్ల తీగ 7 మెగాహెర్ట్జ్‌కు అర్ధతరంగం అవుతుంది, అదే తీగ 14, 21, 28 మీద కూడా పలుకుతుంది. చివరన నిరోధం రెండున్నర వేల ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి యాభై ఓమ్‌ల కేబుల్‌కు జత చేయడానికి 49:1 ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఒక ఫెరైట్ రింగు, కొన్ని చుట్ల ఎనామిల్ తీగ, ఒక చిన్న కెపాసిటరు అంతే. ఎలక్ట్రికల్ షాపులో దొరికే ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో ఇమిడిపోతుంది. చూసేవాళ్లకు అది మిద్దె మీది లైటు తాలూకు డబ్బా.

ఇరవై మీటర్లు పడుతుందా? 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పున్న మిద్దెకు మూల నుంచి మూలకు 72 అడుగులు, అంటే 22 మీటర్లు. పడుతుంది. ఇక ఏ మూల నుంచి ఏ మూలకు అన్నది మన ఊళ్లలో వాస్తే నిర్ణయించేసింది. నీళ్ల ట్యాంకు నైరుతిలో పెడతారు, మిద్దె మీద అన్నిటికంటే ఎత్తు అదే. ఈశాన్యంలో బరువు పెట్టనివ్వరు. అక్కడ స్తంభం నిలబెడితే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్తారు. పిట్టగోడకు ఒక చిన్న కొక్కెం బిగించి తీగ కొసను కడితే ఎవరికీ పట్టింపు ఉండదు. అలా ట్యాంకు దిమ్మె దగ్గర మొదలై ఈశాన్యం పిట్టగోడ వైపు వాలుగా దిగే తీగ తయారవుతుంది.

ఆ దిశ వల్ల ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. అర్ధతరంగ తీగ తనకు అడ్డంగా ఎక్కువగా పంపుతుంది. నైరుతి–ఈశాన్య తీగకు అడ్డం అంటే వాయవ్యం, ఆగ్నేయం. మన దగ్గరి నుంచి ఐరోపా దాదాపు వాయవ్యానే ఉంది, ఇండోనేషియా, ఆస్ట్రేలియా ఆగ్నేయాన ఉన్నాయి. చిక్కు ఏమిటంటే, ఇరవై మీటర్ల తీగ 14 మెగాహెర్ట్జ్ దగ్గర పూర్తి తరంగం అవుతుంది. అప్పుడు శక్తి నాలుగు పాయలుగా చీలి, సరిగ్గా అడ్డదిశలోనే తగ్గిపోతుంది. ఐరోపా ఆ సందులో పడుతుంది. తక్కువ ఎత్తులో ఆ సందు అంత లోతుగా ఉండదు గానీ, 14 మెగాహెర్ట్జ్ మీద ఐరోపాయే లక్ష్యమైనవాళ్లు అదే దారిలో పది మీటర్ల తీగ విడిగా కట్టుకోవడం మేలు. ఈ లెక్క చూసుకోకుండా యాంటెన్నాను తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

తీగ ఏది వాడాలి? చిత్తూరు జిల్లాలో బోరు మోటార్లు కాలడం, వాటికి వైండింగ్ కట్టించడం ఏడాది పొడవునా జరిగే పని. అందుకే ఏ చిన్న పట్టణంలోనైనా మోటారు వైండింగ్ షాపు ఉంటుంది, అక్కడ రాగి తీగ తూకానికి దొరుకుతుంది. ఎనామిల్ పూసిన ముదురు రంగు తీగ ఆకాశం ముందు కనబడదు. సబ్‌మెర్సిబుల్ మోటార్లకు వాడే ప్లాస్టిక్ చుట్టిన తీగ కొంచెం లావు, కొంచెం కనబడుతుంది, తాకినా భయం తక్కువ. ముప్పావు మిల్లీమీటరు ఎనామిల్ తీగ వీధిలో నుంచి చూస్తే లేనట్టే, కానీ కోతి ఒక్క ఊపు ఊగితే తెగుతుంది. లావు తీగ తెగదు, కొక్కేన్ని ఊడబెరుకుతుంది. నేను చూసిన మంచి ఉపాయం, ఒకటిన్నర మిల్లీమీటరు తీగ వాడి దాని కొసకూ కొక్కేనికీ మధ్య జానెడు నైలాన్ దారం కట్టడం. కోతి ఊగితే దారం తెగి తీగ మిద్దె మీదే పడుతుంది. కొత్త దారం కట్టుకోవడం ఐదు నిమిషాల పని.

దండెం వేషం వేయించడం గురించి కూడా ఒక మాట. తీగను బట్టలు ఆరేసే వరసలో కలిపేస్తే ఎవరూ గుర్తుపట్టరన్నది నిజమే. అయితే ఎండ్‌ఫెడ్ తీగ కొసన నూరు వాట్ల దగ్గర ఐదు వందల వోల్టులు ఉంటాయి, పది వాట్ల దగ్గరైనా నూటయాభై దాటుతాయి. మిద్దె మీద వడియాలు పెట్టేవాళ్లు, మిరపకాయలు ఎండబోసేవాళ్లు, గాలిపటాలు ఎగరేసే పిల్లలు తిరుగుతారు. తడి చీర ఆరేసే చేతికి అందేలా ఆ తీగ ఉండకూడదు. దండెంలా కనబడితే కనబడనీ, చేతికి అందనంత ఎత్తున ఉండాల్సిందే.

బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు

అద్దెకున్నవాళ్లకు, మిద్దెకు తాళం వేసే అపార్టుమెంట్లవాళ్లకు మిగిలేది బాల్కనీ. అక్కడ అందరూ మొదట చెప్పేది మాగ్నెటిక్ లూప్. మీటరు వ్యాసమున్న రాగి గొట్టపు వలయం, ఒక ట్యూనింగ్ కెపాసిటరు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పూలకుండీల మధ్య ఇమిడిపోతుంది. దీని గురించి అమ్మేవాళ్లు చెప్పేదానికంటే లెక్క చెప్పేది నమ్మాలి.

22 మిల్లీమీటర్ల రాగి గొట్టంతో చేసిన మీటరు లూప్‌కు 14 మెగాహెర్ట్జ్ దగ్గర వికిరణ నిరోధం దాదాపు 0.09 ఓమ్. గొట్టంలో వృథా అయ్యే నిరోధం దాదాపు 0.045 ఓమ్. అంటే ఇచ్చిన శక్తిలో మూడింట రెండు వంతులు గాలిలోకి పోతుంది. అదే లూప్ 7 మెగాహెర్ట్జ్ దగ్గర 0.006 ఓమ్‌కు పడిపోతుంది, గొట్టపు నిరోధం 0.03 దగ్గరే ఉంటుంది. ఆరింట ఒక వంతు కూడా బయటికి పోదు. ఇది కెపాసిటరు, అతుకుల నష్టం కలపకుండా వేసిన లెక్క. అతుకు సరిగా లేకపోతే ఇంకా దిగజారుతుంది. కాబట్టి మీటరు లూప్ 14, 21, 28లకు మంచి యాంటెన్నా, 7కు కాదు. చుట్టూ ఇనుప గ్రిల్లు ఉంటే లెక్క మళ్లీ మారుతుంది, గ్రిల్లుకు కనీసం మీటరు దూరం ఉంచాలి. బాల్కనీలో అంత చోటు ఉండటం అరుదు.

లూప్ రెండు జాగ్రత్తలు అడుగుతుంది. కెపాసిటరు మీద నూరు వాట్లకే వేల వోల్టులు పుడతాయి. లూప్‌కు దగ్గరగా అయస్కాంత క్షేత్రం గట్టిగా ఉంటుంది కాబట్టి పది వాట్లకు మించకుండా, మనిషికి రెండు మూడు మీటర్ల దూరంలో వాడుకోవాలి. పక్క ఫ్లాటు పడకగది ఆ గోడకు అవతలే ఉంటే ఆ చోటు మానుకోవాలి. మన గోడ మన ఒక్కరిదే కాదు కదా.

నాకు బాల్కనీలో లూప్‌కంటే 28 మెగాహెర్ట్జ్ డైపోల్ మేలనిపిస్తుంది. బాల్కనీ పొడవు మూడు మీటర్లే అయితే రెండు కొసలనూ కిందికి వేలాడదీయొచ్చు, పెద్ద నష్టం లేదు. రాత్రిపూట గ్రిల్లులో నుంచి టెలిస్కోపిక్ విప్ బయటికి చాచి, నేల వెంబడి ఒక కౌంటర్‌పాయిజ్ తీగ పరచడం ఇంకో దారి. మూడో అంతస్తు నుంచి భూమి దాకా ఎర్త్ తీగ దింపాలని కొందరు ప్రయత్నిస్తారు. పది మీటర్ల ఎర్త్ తీగ 7 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం, అది ఎర్త్‌లా పనిచేయదు, తానే యాంటెన్నా అవుతుంది. కింది అంతస్తులన్నిటికీ మన సంకేతం చేర్చినట్టవుతుంది.

శక్తి తక్కువైతే దాచడం తేలిక, గొడవ తక్కువ. ఈ విషయంలో తెలుగు నేల ప్రపంచానికి ఇచ్చినది ఒకటుంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, మామూలు విడిభాగాలతో చేసుకోగల బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవరును రూపొందించి అందరికీ పంచిపెట్టారు. దాని వారసుడు మైక్రోబిట్‌ఎక్స్ పది వాట్ల దగ్గర షార్ట్‌వేవ్ బ్యాండ్లన్నీ పలుకుతుంది. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 డిజిటల్ పద్ధతి గోలలో మునిగిపోయిన సంకేతాన్ని కూడా పదిహేను సెకన్ల ముక్కల్లో చదువుతుంది. పది వాట్లు, బాల్కనీ డైపోల్, ఎఫ్‌టీ8 కలిస్తే ఖండాలు దాటడం మామూలు విషయమే. గొంతుతో మాట్లాడే సుఖం అందులో లేదు, అది నిజం. కానీ చోటు లేని మనిషికి అది తలుపు తెరుస్తుంది.

గాలి గొట్టం, డిష్

145 మెగాహెర్ట్జ్ మీద ఊరిలో మాట్లాడుకునే యాంటెన్నాను దాచిపెట్టడం మరీ సులువు. ఒకప్పుడు దూరదర్శన్ యాంటెన్నా నుంచి టీవీకి దించిన చదును రిబ్బన్ తీగ, 300 ఓమ్‌లది, ఇంకా పాత ఇనుప సామాన్లలో దొరుకుతుంది. దానితో ఒకటిన్నర మీటరు పొడవున స్లిమ్ జిమ్ యాంటెన్నా కత్తిరించి పీవీసీ గొట్టంలో దూర్చి, పైన సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి పెట్టే మూత పెడితే సరి. మిద్దె మీద అలాంటి గొట్టాలు నాలుగైతే ఇది ఐదోది. గొట్టంలోకి దూర్చాక పౌనఃపున్యం కొంచెం కిందికి జారుతుంది, కాబట్టి కొలత గొట్టంలో పెట్టాకే సరిచేసుకోవాలి. చేతిలో ఇమిడే నానో వీఎన్‌ఏ అనే కొలత పరికరం ఉంటే ఆ పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

ఇక్కడ కేబుల్ సంగతి తెలియక నష్టపోతారు. సన్నటి ఆర్‌జీ58 కేబుల్ 25 మీటర్లు దింపితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు కేబుల్‌లోనే పోతుంది. డిష్‌లకు వాడే ఆర్‌జీ6 కేబుల్ 75 ఓమ్‌లదైనా అందులో సగం నష్టమే. జత కుదరకపోవడం వల్ల ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటిన్నర దాకా పోతుంది, దాన్ని ఏ రిగ్గైనా ఓర్చుకుంటుంది. పైగా ఆ కేబుల్ డక్టులో పదింటితో కలిసి దిగితే ఎవరూ రెండోసారి చూడరు.

దిక్కులు మాత్రం చూసుకోవాలి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం గోడ కట్టినట్టు నిలబడింది. పట్నం సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల 850 మీటర్లు దాటుతుంది. కడప వైపు 145 మెగాహెర్ట్జ్ మీద ఆశలు పెట్టుకోనక్కర్లేదు. రేణిగుంట, శ్రీకాళహస్తి, చెన్నై వైపు తెరిచే ఉంది. ఉత్తరం బాల్కనీ ఉన్నవాళ్లు కొండ దర్శనంతో తృప్తిపడి, యాంటెన్నాను మిద్దెకు పంపించాల్సిందే.

ఆకాశంలోకి మాత్రం ఏ కొండా అడ్డం రాదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ6 మీద కార్టోశాట్-1తో పాటు హామ్‌ల కోసమే చేసిన 42.5 కిలోల హామ్‌శాట్ వెళ్లింది. తొమ్మిదేళ్లు పనిచేసి 2014లో మూగబోయింది. ఆ శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇప్పటికీ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 437.800 మెగాహెర్ట్జ్ మీద హామ్‌ల గొంతులను తిరిగి ప్రసారం చేస్తుంది. చేతిలో పట్టుకునే చిన్న యాగీతో మిద్దె మీద పది నిమిషాలు నిలబడి మాట్లాడి, దాన్ని మడిచి ఇంట్లో పెట్టేసుకోవచ్చు. దీనికి సంఘం అనుమతి అక్కర్లేదు.

డిష్ సంగతి ఇంకా ఆసక్తికరం. 2018 నవంబరులో ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2లో హామ్‌ల కోసం క్యూఓ-100 అనే భాగం ఉంది. అది 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉంటుంది, మన దేశం కూడా దాని పరిధిలోకి వస్తుంది. దాని మాటలు 10.489 గిగాహెర్ట్జ్ దగ్గర దిగుతాయి, అంటే మామూలు టీవీ డిష్, మామూలు ఎల్‌ఎన్‌బీతో వినొచ్చు. తిరుపతి నుంచి అది పడమరకు కొంచెం దక్షిణంగా, క్షితిజం నుంచి 27 డిగ్రీల ఎత్తులో కనబడుతుంది. పొరుగువాళ్ల డిష్‌లన్నీ నడినెత్తికి దగ్గరగా దక్షిణం వైపు చూస్తుంటే ఇది ఒక్కటీ పడమరకు వాలి ఉంటుంది, అంతే తేడా. తిరిగి పంపడానికి 2.4 గిగాహెర్ట్జ్ కావాలి, లైసెన్సులో ఏయే బ్యాండ్లు ఉన్నాయో చూసుకోకుండా ఆ పనికి దిగకూడదు. వినడానికైతే ఇంతకంటే గుట్టైన యాంటెన్నా లేదు.

పిడుగు, కరెంటు, గోల

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. మన ప్రాంతంలో వేసవి చివర, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో ఉరుములు తప్పవు. ఉరుము వినబడ్డాక కేబుల్ పీకడం ఆలస్యమే. వాడనప్పుడు కేబుల్ రిగ్గుకు ఉండకూడదు, దాని కొస కిటికీ బయట ఉండాలి. బాల్కనీ పక్క నుంచే 11 కేవీ లైను పోయే వీధులు తిరుపతిలో చాలా ఉన్నాయి. అటువైపు తీగ విసరడం, విప్ చాచడం, డైపోల్ వేలాడదీయడం పూర్తిగా మానుకోవాలి. తెగి పడినా ఆ లైనుకు తగలని చోటు దొరకకపోతే యాంటెన్నా వద్దు.

గోల గురించి తక్కువ మాట్లాడతారు కానీ ఫ్లాటు హామ్‌ను ఎక్కువగా అలసటకు గురిచేసేది అదే. లిఫ్టు డ్రైవు, ఇన్వర్టర్లు, మిద్దె మీది సోలార్ పలకల కన్వర్టరు, ఛార్జర్లు అన్నీ షార్ట్‌వేవ్ మీద గీపెడతాయి. ఇంట్లో మెయిన్ ఆపేసి బ్యాటరీ మీద రిగ్గు పెట్టి వింటే మన ఇంటి గోల ఎంతో, భవనం గోల ఎంతో తెలిసిపోతుంది. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఫెరైట్ రింగు మీద పది చుట్లు తిప్పితే రెండువైపులా మేలు. వాళ్ల గోల మనకు రాదు, మన గొంతు వాళ్ల స్పీకర్లలో పలకదు.

సంఘంతో మాట

పొరుగువాళ్ల భయాలు మూడు రకాలు. రేడియేషన్, టీవీ చెడిపోవడం, పోలీసులు. మూడింటికీ నిజమైన జవాబులు ఉన్నాయి, వాటిని గౌరవంగా చెప్పాలి. సెల్ టవరు పగలూ రాత్రీ ఆగకుండా పంపుతుంది. దానికీ మన దేశం 2012 సెప్టెంబరులో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే హద్దుగా పెట్టింది. హామ్ పది వాట్లు, అదీ మాట్లాడినంతసేపే పంపుతాడు. టీవీకి అంతరాయం వస్తే ఆపేస్తానని ముందే రాసివ్వాలి, వస్తే నిజంగా ఆపేయాలి. ఇక తిరుపతి భద్రత విషయంలో సున్నితమైన ఊరు. వైర్‌లెస్ సెట్టు అనగానే అనుమానం పుట్టడం సహజం. లైసెన్సు నకలు సంఘం కార్యదర్శి దగ్గర ఉండాలి. చేతి సెట్టుతో అలిపిరి తనిఖీ దగ్గరికి వెళ్తే అసలు కాగితం జేబులో ఉండాలి. గుట్టుగా కట్టిన తీగను ఎవరో చూసి ఫిర్యాదు చేశాక చూపించే లైసెన్సుకూ, ముందే చూపించిన లైసెన్సుకూ విలువలో చాలా తేడా ఉంది.

ఎందుకు ఒప్పుకోవాలని వాళ్లు అడిగితే చెప్పడానికి మన దగ్గర చరిత్ర ఉంది. 1983 నుంచి హైదరాబాదులో ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 2004 డిసెంబరులో అండమాన్‌కు ఒక బృందాన్ని పంపింది. భారతీ ప్రసాద్ నాయకత్వంలో వాళ్లు పోర్ట్‌బ్లెయిర్ హోటల్ నుంచి ప్రపంచంతో మాట్లాడుతుండగానే 26న సునామీ వచ్చింది. అభిరుచి కోసం కట్టిన యాంటెన్నాలే ఆ రోజు నుంచి క్షేమ సమాచారాలు చేరవేశాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఇక్కడి జనం కూడా అలాంటి రోజులు చూశారు. మిద్దె మీద ఒక తీగ, ఇంట్లో ఒక బ్యాటరీ, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఒకరు ఉండటం ఆ భవనానికి ఎంత ధైర్యమో సంఘానికి సూటిగా చెప్పొచ్చు. అప్పుడు కోరాల్సిందల్లా ఒక కొక్కెం, ఒక డబ్బా, డక్టులో ఒక కేబుల్. ఆ మూడే కాగితం మీద రాసి, పనివాళ్లు కొక్కెం కోసం వేసిన రంధ్రానికి వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు తనదేనని కూడా రాస్తే ఎక్కువ సంఘాలు ఒప్పుకుంటాయి. మిద్దె కారుతుందన్న భయమే రేడియేషన్ భయంకంటే పెద్దది.

ఒప్పుకోని సంఘాలూ ఉంటాయి. అక్కడ ఫ్లాటులో బాల్కనీ డైపోల్‌తో సరిపెట్టుకుని, అసలు స్టేషనును ఊరికి పంపడం మేలు. ఇక్కడి ఫ్లాటువాసుల్లో చాలామందికి పాకాలలోనో, పుత్తూరులోనో, పలమనేరు పక్కనో ఒక పాత ఇల్లు, నాలుగు మామిడి చెట్లు ఉంటాయి. అక్కడ తీగ దాచనక్కర్లేదు, గోల ఉండదు. ఇంటర్నెట్ మీదుగా ఫ్లాటు నుంచి ఆ రిగ్గును నడిపించుకునే సౌకర్యం ఇప్పుడు మామూలు కంప్యూటరుతోనే సాధ్యం. లైసెన్సు మీద రాసిన చిరునామాయే స్టేషను చిరునామా కాబట్టి ముందు డబ్ల్యూపీసీతో ఆ సంగతి తేల్చుకోవాలి. తర్వాత చూసుకోవాల్సింది కరెంటు. కోతలు ఎక్కువ కనుక రిగ్గును సోలార్ పలకతో నిండే బ్యాటరీ మీదే పెట్టాలి. పలకకు ఛార్జ్ కంట్రోలరు ఎంచుకునేటప్పుడు గోల చేయని రకం చూసుకోవాలి. యాంటెన్నాను బోరు స్టార్టరు డబ్బాకు ఇరవై మీటర్ల అవతల కట్టాలి, ఎవరూ లేనప్పుడు యాంటెన్నాను దానంతట అదే విడదీసే రిలే ఒకటి తప్పకుండా పెట్టాలి.